తుంటిలో టక్

"మందు ఎన్నేళ్ళ నుంచి అలవాటు?"

ఎంఆర్ఐ ఫిల్మును వెలుతురుకి ఎత్తి చూస్తూ ఆ కుర్ర డాక్టరు నన్నడిగిన మొదటి మాట ఇది. పక్కన మా అమ్మ, మామగారు. నేను చుక్క ముట్టినవాణ్ణి కాదు. 2021లో కోవిడ్‌కి వాడిన స్టెరాయిడ్ల వల్లే తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయి ఉంటుందని తర్వాత పెద్ద డాక్టరు చెప్పారు. తాగుడు కూడా ఒక కారణమేనట, అడగొద్దనను. అడిగే తీరంటూ ఒకటుంటుంది కదా! మామగారు ఆ పూట క్యాంటీన్లో టీ తాగుతున్నంతసేపూ నా మొహం చూడలేదు.

తుంటి కీలు మార్చే ఆపరేషను. టెస్టులు, ఇన్సూరెన్సు కాగితాలు, వెన్నులో మత్తు... ఇవన్నీ అందరికీ ఉండేవే. ఆపరేషనైన రెండో రాత్రి సంగతే చెప్పాలి. కాళ్ళ మధ్య పెట్టిన దిండు నిద్రలో జారిపోయింది. పక్కకి ఒరిగాను. టక్! కొత్త బంతి గిన్నెలోంచి ఊడిందనే అనుకున్నా. బెల్లు నొక్కితే ఎవరూ రాలేదు. కింద చాప మీద మా ఆవిడ. లేపితే నాకంటే ముందు తను ఏడుస్తుందని లేపలేదు. చెమటలు కక్కుతూ, కాలివేళ్ళు కదులుతున్నాయో లేదో చూసుకుంటూ ఇరవై నిమిషాలు గడిపాను. చివరికి ఆయా వచ్చింది. దుప్పటి తీసి రెండు మడమలూ పక్కపక్కన పెట్టి కొలిచింది.

"సమానంగానే ఉన్నాయి బాబూ. ఊడుంటే నీ కేకలకి ఈపాటికి వార్డంతా లేచేది."

చప్పుడు చేసింది మంచం పక్క కమ్మీ. ఆ తల్లి చేతిలో డబ్బు పెడితే తీసుకోలేదు.

ఇంట్లో పడుకున్న ఆరు వారాల్లో జాన్ చార్న్‌లీ గురించి చదివాను. ఇప్పటి తుంటి మార్పిడికి దారి వేసిన ఇంగ్లండు సర్జన్. పాతరకం బంతి వేయించుకున్న ఒకాయన తుంటి వంగినప్పుడల్లా కిర్రుమనేదట, భార్య ఆయనున్న చోట ఉండలేకపోయేదట. ఆ కిర్రు ఎందుకొస్తోందా అని వెతుకుతూ చార్న్‌లీ కీళ్ళ రాపిడి మీద పడ్డాడు. టెఫ్లాన్‌తో గిన్నెలు చేశాడు. కొన్నేళ్ళకే అరిగి, ఆ పొడి చుట్టూ కండ వాచిపోయింది. వేసినవాళ్ళలో ఎందరికో మళ్ళీ తనే కోసి తీశాడు. ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి తన తొడలోనే పెట్టించుకున్నాడు! 1962లో మిల్లు గేర్లకి వాడే పాలిథీన్ ముక్కని ఆయన వద్దన్నా, మెకానిక్ హ్యారీ క్రేవెన్ మిషను మీద అరగదీసి చూశాడు. అది పెద్దగా అరగలేదు. నా గిన్నెలో పొర కూడా ఆ వంశానిదే.

అంత పెద్దమనిషే తన తప్పుని తన ఒంటి మీద పరీక్షించుకున్నాడు. మా కుర్ర డాక్టరు కుట్లు విప్పడానికి వచ్చి, ఆ మందు మాట ఊసే ఎత్తకుండా వెళ్ళిపోయాడు. ఆపరేషన్లో చేయందించింది కూడా అతనేనట. చెయ్యి మంచిదే. దండం పెట్టాలో తిట్టాలో ఇప్పటికీ తేలలేదు.

స్టెరాయిడ్లు వాడాక గజ్జల్లో నొప్పి మొదలైతే తైలాలు రాస్తూ కూర్చోకండి. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ గురించి అడగండి. నేను ఎనిమిది నెలలు నడుం నొప్పనుకున్నాను.

మొన్న మంగళగిరి పానకాలస్వామికి అమ్మ మొక్కు తీర్చింది. తిరిగొస్తూ కారులో చార్న్‌లీ తొడ కథ చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"వాళ్ళమ్మ బతికే ఉందిరా అప్పటికి?" అంది.