డొంకదారిన సముద్రానికి

పోయినేడాది ఫోన్‌లో మ్యాప్‌ని నమ్ముకుని సైకిళ్ళ మీద సముద్రానికి బయల్దేరి లారీల మధ్య ఇరుక్కున్నాం. దగ్గర దారి అని అది చూపించింది, నేను సరే అన్నాను. అప్పుడు మా అమ్మాయికి పదేళ్ళు. ఏడవలేదు. ఇంటికొచ్చాక సైకిల్‌ని గోడకి ఆనించి, "ఈసారి దారి నేను చూస్తా నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట మీద ఏడాది నిలబడుతుందని నేను అనుకోలేదు.

మేముండేది ఇంగ్లండ్‌లో, కెంట్ జిల్లా గిల్లింగ్‌హామ్‌లో. మే నెలలో ఒక శనివారం పొద్దున్నే మా అమ్మాయి భోజనాల బల్ల మీద ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ మ్యాపుల సంస్థ వాళ్ళ నారింజ రంగు అట్ట మ్యాపు పరిచింది. సెంటీమీటరుకి 250 మీటర్ల లెక్క. పొలం గట్టూ, చెరువూ, గుడీ అన్నీ కనిపిస్తాయి అందులో. కాంటర్‌బరీ నుంచి విట్‌స్టబుల్ దాకా వేలు పెట్టి చూపించింది. సుమారు ఏడున్నర మైళ్ళు, అంటే 12 కిలోమీటర్లు. దారి పేరు క్రాబ్ అండ్ వింకిల్ వే. మన మాటల్లో ఎండ్రకాయల నత్తల దారి.

దాని తెలివి నాకు రైళ్ళ దగ్గర తెలిసింది. మా ఊరినుంచి వెళ్ళే రైలు పట్టాలు ఫేవర్‌షామ్‌లో రెండుగా చీలతాయి. ఒకటి కాంటర్‌బరీకి, ఇంకొకటి విట్‌స్టబుల్‌కి. "ఒక కొమ్మ మీద వెళ్ళి, ఇంకో కొమ్మ మీద వెనక్కి వచ్చేద్దాం. మళ్ళీ తొక్కక్కర్లేదు" అంది. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి ఉత్తరంగా సముద్రానికి పోయేటప్పుడు వీపున ఉంటుందట, తిరిగి తొక్కుకుంటూ వస్తే మొహాన కొడుతుందట. పోటు ఎన్నింటికో కూడా రాసిపెట్టుకుంది, ఎందుకంటే అక్కడ ఆటుకి నీళ్ళు బాగా వెనక్కిపోయి బురదే మిగులుతుంది. మా సూర్యలంకకి వెళ్ళేముందు ఆటుపోట్ల టైము చూసినవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు.

మాది బాపట్ల. అక్కడినుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. సీటు అందక, బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కే వయసులోనే గంటకింత అని సైకిల్ అద్దెకి తీసుకుని పోయేవాళ్ళం. ప్లానంటూ ఏమీ లేదు. దారి తప్పితే అడగడమే, అడిగితే ఎవరబ్బాయివని మొదలుపెట్టి మంచినీళ్ళిచ్చి పంపేవాళ్ళు.

మ్యాపులో ఆకుపచ్చ చుక్కల గీత ఒకటి అడవిలోంచి తిన్నగా పోతోంటే, "ఇలా అడ్డంగా పోదాం, మైలు తగ్గుతుంది" అన్నాను. "అది ఫుట్‌పాత్ నాన్నా, నడిచేవాళ్ళకి. సైకిల్ కుదరదు" అంది. చుక్క పొట్టిగా ఉంటే ఫుట్‌పాత్, పొడుగ్గా ఉంటే బ్రైడిల్‌వే. అది గుర్రాల దారి. 1968లో వచ్చిన చట్టంతో సైకిళ్ళకీ అందులో హక్కుంది, కాకపోతే గుర్రానికీ మనిషికీ మనమే దారివ్వాలి. బ్రైడిల్‌వే అంటే ఎలా ఉంటుందో ఫోటో చూపించింది. రెండు పక్కలా కంచె చెట్లు, మధ్యలో మట్టి బాట. "ఓసి, ఇది డొంక!" అన్నాను. గుంటూరు పక్క పొలాల్లోకి పోయే బండ్లబాట అచ్చం ఇదే, తాటిచెట్లు లేవంతే. ఆ మాట దానికి భలే నచ్చింది. పెన్సిల్ తీసి మ్యాపు మీద వంకర తెలుగులో "డొంక" అని రాసుకుంది. శనివారం తెలుగు క్లాసుకి రెండేళ్ళు లాక్కెళ్ళినా ఇంట్లో ఒక్క తెలుగు ముక్క తనంతట తాను రాయని పిల్ల.

వాళ్ళ నాయనమ్మకి వీడియో కాల్‌లో చెబితే, "ఆడపిల్లని అంత దూరం తొక్కిస్తావా ఏరా?" అంది. "తొక్కించేది నేను కాదమ్మా, అదే నన్ను తొక్కిస్తోంది" అన్నాను.

రైలు దిగి బయల్దేరాం. కాంటర్‌బరీ దాటగానే యూనివర్సిటీ గుట్ట. సగంలోనే దిగి తోసుకుంటూ నడిచాను, ఆయాసం కనపడకుండా వెనక్కి తిరిగి కథీడ్రల్ చూస్తున్నట్టు నటించాను. ఈ దారి కొంతమేర పాత రైలు దారి. రైలింజన్లకి పేరుబడ్డ స్టీఫెన్‌సన్ తండ్రీకొడుకుల కాలంలో వేసి 1830లో తెరిచారు. ఇన్విక్టా అనే ఇంజన్‌కి ఇలాంటి ఎత్తు ఎక్కే బలం లేక, గుట్ట మీద వేరే ఇంజన్లు పెట్టి తాళ్ళతో పెట్టెల్ని పైకి లాగేవారు. "ఇంజనే ఎక్కలేదు, నేనెంత!" అంటే మాత్రం నవ్వింది. మిగతా దారంతా మాత్రం అదే టీచరు. రోడ్డు మీద నేను అంచుకి అంచుకి పోతుంటే వెనకనుంచి అరుపు: "అంత ఓరగా వద్దు నాన్నా!" ఓరగా పొమ్మని, బస్సొస్తే దిగిపొమ్మని మా నాన్న నేర్పిన పాఠం నాది. ఇరుకు రోడ్డులో లేన్ మధ్యకి రావాలని, అప్పుడే కారువాడు పక్కనుంచి దూరిపోడని బడిలో సైకిల్ తొక్కడం నేర్పే బైకబిలిటీ క్లాసులో నేర్పిన పాఠం దానిది. ఇక్కడికి దానిదే రైటు. బాపట్ల బస్టాండు దగ్గర మాత్రం నాదే.

క్లోవ్స్ వుడ్‌లో వైండింగ్ పాండ్ అనే చిన్న చెరువుంది. తాళ్ళు లాగే ఆవిరి ఇంజన్‌కి నీళ్ళకోసం వాడిన చెరువు. అక్కడ కూర్చుని పులిహోర డబ్బా విప్పాం. కుక్కతో వచ్చిన ఒక ముసలావిడని, "విట్‌స్టబుల్ ఇటేనా అండీ?" అని అడిగాను. ఎదురుగా సైకిల్ దారి నీలం బోర్డు ఉంది, ఎర్ర గడిలో 1 అని నంబరుతో. మా అమ్మాయి సిగ్గుతో తల దించేసుకుంది. ఆవిడ మాత్రం పది నిమిషాలు కబుర్లు చెప్పింది, పులిహోర కూడా రుచి చూసింది. "మ్యాప్ ఉందిగా, ఎందుకడిగావ్?" అంటే ఏం చెప్పను? అలవాటు అన్నాను.

అక్కడినుంచి విట్‌స్టబుల్‌కి దిగుడే. సముద్రం దగ్గర ఇసక లేదు, అన్నీ గులకరాళ్ళు. చెప్పుల్లేకుండా నడిచి కాళ్ళు కోసుకున్నంత పనైంది. మిరపకాయ బజ్జీలు లేవు, వెనిగర్ చల్లిన చిప్స్ తిన్నాం. పోటు సరిగ్గా అది రాసుకున్న టైముకే వచ్చింది, ఆ గర్వం దాని మొహంలో చూడాలి.

విట్‌స్టబుల్ ఆల్చిప్పలకి పేరు. ఒకటి ఏరుకుని జేబులో వేసుకుంది. ఊరగాయల రోజుల్లో ఆల్చిప్పకి బెజ్జం పెట్టి మామిడికాయ చెక్కు తీసేవాళ్ళని చెబితే నమ్మలేదు. రాత్రి ఫోన్‌లో వాళ్ళ నాయనమ్మని అడిగింది. చిప్పని కెమెరాకి దగ్గరగా పెట్టించి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది మా అమ్మ.

"ఇది మందం తల్లీ. చెక్కు రాదు, చెయ్యి తెగుద్ది. ఈసారి పల్చంది చూసి తీసుకురా."