ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద ఆ గాలి

నిన్న సాయంత్రం ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో పలాస వైపు బండి కోసం నించున్నాం. ఆగని బండొకటి వస్తోందని మైకులో చెప్పారు. మా అబ్బాయి పసుపు గీత దాటి తొంగి చూస్తున్నాడు. బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ, "ఓలమ్మా, గుంటడ్ని ఎనక్కి లాగు!" అని అరిచింది. లాగాను. అంతలోనే బండి వచ్చేసింది. గాలి ముందు మమ్మల్ని తోసింది, ఆ వెంటనే పట్టాల వైపు గుంజింది. వాడి టోపీ ఎగిరిపోయింది. నా చేతులు చాలాసేపు వణికాయి.

ఆ బండి వేగం మహా అయితే గంటకు 130 కిలోమీటర్లు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు, దాన్ని చీల్చడానికి కావలసిన ఇంజను పవరు ఎనిమిదింతలు. విమానమైతే పదకొండు కిలోమీటర్ల పైకి పోతుంది, అక్కడ గాలి సాంద్రత నేల మీద ఉన్నదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. నేలబారున పోయేవాటికి ఆ వెసులుబాటు లేదు. 2015లో గంటకు 603 కిలోమీటర్లు అందుకున్న జపాన్ మాగ్లెవ్ (అయస్కాంతాలతో తేలే రైలు) ఆ వేగంలో దారిని తాకనే తాకదు, అయినా గాలిని తప్పించుకోలేదు. సొరంగంలోకి దూసుకెళ్ళే బండి ముందు గాలి నొక్కుకుపోయి, అవతలి మూతి దగ్గర ఫిరంగిలా పేలుతుంది. జపాన్ బళ్ళకి అంతంత పొడుగు ముక్కులు అందుకే.

1997లో నెవాడా ఎడారిలో బ్రిటిష్ పైలట్ ఆండీ గ్రీన్ జెట్ ఇంజన్ల కారుని గంటకు 1,228 కిలోమీటర్ల దాకా, ధ్వనిని మించి తోలాడు. ఆ గుండె ధైర్యానికి నిజంగా దణ్ణం పెడతాను.

కంగారులో ఆ పెద్దావిడ పేరైనా అడగలేదు. వచ్చే వారం మళ్ళీ అదే స్టేషన్‌కి వెళ్ళాలి, వెతుకుతాను.