ఫుల్‌స్టాక్ కోర్సు చేసి ఫ్రంట్ ఎండ్‌లో స్థిరపడ్డాను: నా అనుభవం

అమీర్‌పేటలో అందరిలాగే నేనూ ఫుల్‌స్టాక్ కోర్సులో చేరాను. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, నోడ్, ఒక డేటాబేస్. మైత్రీవనం దగ్గర ఏ బోర్డు చూసినా ఇదే వరస. తెర మీద కనబడేది ఫ్రంట్ ఎండ్, సర్వర్‌లో నడిచేది బ్యాక్ ఎండ్, రెండూ వస్తే ఫుల్‌స్టాక్ అని మొదటి క్లాసులోనే చెప్పేశారు. నాకు ఏది పడుతుందో మాత్రం ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

మొదట ఓ తెలుగు వార్తల సైటు పని అప్పజెప్పారు. ఫోన్‌లో శీర్షికల వొత్తులు కింద తెగిపోతున్నాయని ఫిర్యాదు. ఇంగ్లిష్‌కి సరిపోయే 1.2 లైన్ హైట్‌నే (అంటే వరుస ఎత్తు అక్షరం సైజుకి 1.2 రెట్లు) తెలుగుకీ పెట్టారు మరి. పైన గుడి, కింద వొత్తు, దాని పక్కన ఇంకో వొత్తు ఎక్కడ పడతాయి? 1.6 చేస్తే సర్దుకుంది.

రెండోది ముదురు. శీర్షిక పొడవైతే అక్షరాలు లెక్కపెట్టి, చివర కత్తిరించి చుక్కలు పెట్టే కోడ్ ఒకటుంది. దాని దెబ్బకి ‘రాష్ట్రం’ కాస్తా ‘రాష్ట్...’ అయ్యేది. మనకు ‘స్త్రీ’ ఒక్క అక్షరమే. జావాస్క్రిప్ట్‌ని పొడవెంతంటే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

‘‘డేటా సరిగ్గానే ఉంది తమ్ముడూ, నీ తెర చూసుకో’’ అన్నాడు బ్యాక్ ఎండ్ అన్న. నిజమే, డేటాబేస్‌లో శీర్షిక నిండుగా ఉంది. లెక్కపెట్టి కోయడం తీసేసి, పెట్టెలో పట్టినన్ని వరుసలే చూపించే పని, పేజీ రూపం చూసుకునే సీఎస్‌ఎస్‌కి అప్పగించాను. నోటిఫికేషన్లలో ఆ వీలు లేదు. అక్షరాలు విడదీయడానికి బ్రౌజర్‌లో ఉండే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) కూడా పాత వెర్షన్లలో పొల్లు దగ్గరే విడగొడుతుంది. అందుకని అక్కడ పదాల మధ్య ఖాళీ చూసి ఆపాను.

ఇలాంటివి వెతకడానికి రాత్రిళ్లు కూర్చున్నా విసుగు రాలేదు. సర్వర్ లాగ్‌లు చదవమంటే మాత్రం నిద్రొచ్చేది. బ్యాక్ ఎండ్‌కే జీతాలెక్కువని స్నేహితులు చెప్పినా, ఫ్రంట్ ఎండ్ టీమ్‌కి మార్చమని లీడ్‌ని అడిగాను. లోపలి ఇంటర్వ్యూలో రియాక్ట్ గురించి పెద్దగా అడగలేదు. మౌస్ ముట్టుకోకుండా, కీబోర్డ్‌తోనే నింపగలిగే ఫారం కట్టమన్నారు. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి ప్రతి గడి పేరూ వినబడాలన్నారు. కోర్సులో ఎవరూ దీని ఊసెత్తలేదు, ఉద్యోగంలో చూచాయగా నేర్చుకున్నదే అక్కరకొచ్చింది.

ఇప్పుడు జూనియర్లకి తెలుగు ఫాంట్ల బరువు తగ్గించడం నేర్పుతున్నాను. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుది 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. సీఎస్‌ఎస్‌లో ఆ హద్దు రాసిపెడితే, పేజీలో తెలుగు ఉన్నప్పుడే ఫాంట్ దిగుతుంది.