కార్డు గీసిన తరువాత డబ్బు ఎక్కడ ఉంటుంది?

పండుగ బేరాల రోజుల్లో బట్టల దుకాణాల కౌంటర్ల దగ్గర ఒక వాదన తరచుగా వినిపిస్తుంది. "డబ్బులు కట్ అయ్యాయండీ, మెసేజ్ చూడండి" అని కొన్నవారు ఫోను చూపిస్తారు. "మాకు రాలేదమ్మా, స్లిప్పే రాలేదు" అని దుకాణదారు మిషన్ చూపిస్తారు. చాలాసార్లు ఇద్దరూ చెప్పేది నిజమే.

పిన్ నొక్కగానే ఆ వివరం దుకాణానికి మిషన్ ఇచ్చిన బ్యాంకుకు, అక్కడి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్‌కు, దాని ద్వారా కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. ఖాతాలో సొమ్ము ఉందా, కార్డు బ్లాక్ అయి ఉందా అని చూసుకొని ఆ బ్యాంకు తన సమ్మతిని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. అయితే అప్పుడు దుకాణానికి అందేది సమ్మతి మాత్రమే, సొమ్ము కాదు. రాత్రి మిషన్‌లో సెటిల్‌మెంట్, అంటే ఆ రోజు లావాదేవీల లెక్క ముగించి బ్యాంకుకు పంపడం, జరిగాక, సాధారణంగా మరుసటి పనిదినాన సొమ్ము దుకాణం ఖాతాలో పడుతుంది.

ఆ సమ్మతి తిరిగివచ్చే దారిలో లైను తెగితే కార్డుదారు ఖాతాలో డెబిట్ పడిపోతుంది, మిషన్‌కు మాత్రం జవాబు అందదు. ఇటువంటి సొమ్ము 5 రోజుల్లోగా దానంతటదే తిరిగి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున, ఖాతాదారు ఫిర్యాదు చేసినా చేయకపోయినా, పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. ఈ నియమం ఇద్దరికీ తెలిసి ఉంటే కౌంటర్ దగ్గర మాటామాటా పెరగవలసిన అవసరమే ఉండదు.

ఇక దుకాణదారు బాధ ఎండీఆర్, అంటే కార్డు చెల్లింపుపై దుకాణం నుంచి బ్యాంకు పట్టుకునే రుసుము. ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటిన దుకాణంలో 10,000 రూపాయల చీరకు వీసా డెబిట్ కార్డు గీస్తే, బ్యాంకు 0.90 శాతం వరకు, అంటే 90 రూపాయల దాకా పట్టుకోవచ్చు. దానిపై జీఎస్టీ అదనం. చిన్న దుకాణాలకు ఈ పరిమితి 0.40 శాతం. రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి నుంచి ఈ రుసుమే లేదు. క్రెడిట్ కార్డులకు ఇటువంటి పరిమితి లేదు కనుక అక్కడ భారం ఎక్కువ. తక్కువ లాభంతో సరుకు అమ్మేవారికి ఇది చిన్న మొత్తమేమీ కాదని నేను ఒప్పుకుంటాను. కానీ డెబిట్ కార్డు రుసుమును కొనుగోలుదారుపై వేయకుండా బ్యాంకులే చూడాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కనుక, "కార్డయితే రెండు శాతం ఎక్కువ" అనడం న్యాయం కాదు.

చార్జ్ స్లిప్పు మీద ఆర్ఆర్ఎన్ అనే 12 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ ఒక్క లావాదేవీని రెండు బ్యాంకులూ గుర్తుపట్టేది దానితోనే. స్లిప్పు అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి కాబట్టి వెంటనే ఫోటో తీసుకోవాలి; స్లిప్పే రాకపోతే బ్యాంకు మెసేజ్‌ను, తేదీని, సమయాన్ని దాచుకోవాలి. ఫిర్యాదు ఇచ్చాక 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోతే, బ్యాంకులపై ఫిర్యాదులను పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుమేదీ లేకుండా ఆన్‌లైన్‌లోనే రాసుకోవచ్చు.