ఆర్‌సీఏ కేబుల్ సొంతంగా చేసుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఆడియో పరికరాలను కలిపే ఆర్‌సీఏ కేబుల్ చివర్లో మధ్య పిన్ను, చుట్టూ రింగు ఉండే ప్లగ్గు ఉంటుంది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ముందు కళ్లను లాగేది బంగారు పూత పిన్నే. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ముందు చూడాల్సింది మాత్రం వైరు లోపలి రాగి అల్లిక. ఈ అల్లికే షీల్డ్. ఆర్‌సీఏలో అది కవచం ఒక్కటే కాదు, సిగ్నల్ తిరిగి వెళ్లే దారి కూడా అదే. అడాప్టర్ల లీకేజీ కరెంటూ అందులోనే పారుతుంది. 100 మైక్రోఆంపియర్ల లీకేజీ 0.5 ఓమ్‌ల పలచని షీల్డ్‌లో పోతే 50 మైక్రోవోల్టులు పుట్టి నేరుగా పాటలో కలుస్తాయి. షీల్డ్ 0.05 ఓమ్ ఉంటే 5 మైక్రోవోల్టులే. అంటే హమ్, ఆ గుంయ్‌మనే రొద, 20 డెసిబెల్స్ తగ్గింది. ఏ పూతా ఈ పని చేయదు.

చవగ్గా దొరుకుతుందని డిష్ టీవీ వైరు కొనకండి. అందులో అల్లిక సాధారణంగా అల్యూమినియం, మామూలు సోల్డర్ దానికి అంటుకోదు. నడిమి తీగ చాలావాటిలో రాగి పూత వేసిన ఉక్కు. సీసీటీవీ పేరుతో అమ్మే ఆర్‌జీ-59లోనూ రెండు రకాలూ ఉంటాయి. కొనేముందు తీగను బ్లేడుతో గీకండి. లోపల ఎర్రగా కనిపిస్తేనే రాగి. అయస్కాంతం అంటుకుంటే ఉక్కు. రాగి అల్లిక దట్టంగా ఉన్న మైక్ కేబుల్ కూడా మంచిదే. లోపల రెండు కోర్లు (తీగలు) ఉంటే ఒకటి సిగ్నల్‌కి వాడి, రెండోదాన్ని అల్లికతో కలిపి రెండు చివర్లా గ్రౌండ్‌కి, అంటే ప్లగ్గు బయటి రింగుకి వేయండి. అల్లికను ఒక్క చివరే కలిపితే తిరుగుదారి ఆ సన్నటి కోరు ఒక్కటే అవుతుంది.

డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) నుంచి ఆంప్‌కి మీటరు పొడవైతే కెపాసిటెన్స్, అంటే పొడవుతో పెరిగి పై స్వరాలను తగ్గించే వైరు గుణం, గురించి బెంగ వద్దు. 50 కిలోఓమ్‌ల పాసివ్ (కరెంటు అక్కర్లేని) వాల్యూమ్ కంట్రోల్ తర్వాత అలా కాదు. మీటరుకి 150 పికోఫారడ్‌ల కేబుల్ 3 మీటర్లు వేస్తే 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.8 డెసిబెల్స్ దాకా పోవచ్చు. అక్కడ మీటరుకి 67 పికోఫారడ్‌ల ఆర్‌జీ-59 నయం. టర్న్‌టేబుల్‌కీ అంతే, పొడవు వీలైనంత తగ్గించండి.

ప్లగ్గు కొనడానికి వైరు ముక్క తీసుకెళ్లండి. ఆర్‌జీ-59 మందం 6 మిల్లీమీటర్లకు కాస్త పైన, చాలా ప్లగ్గుల మూతలో దూరదు. అందుకే దూర్చి చూశాకే కొనండి. బంగారు పూత సముద్రపు గాలి తగిలే బీసెంట్ నగర్‌లాంటి చోట్ల నిజంగా పనికొస్తుంది, నికెల్ అక్కడ మసకబారుతుంది.

టంకానికి ముందు మూత, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వైరు మీదకి ఎక్కించండి, చాలామంది మరిచిపోయేది ఇదే. పై తొడుగు 12 మిల్లీమీటర్లు, లోపలి తొడుగు 4 మిల్లీమీటర్లు తీయండి. ప్లగ్గును పాత సాకెట్‌లో గుచ్చి పట్టుకోండి. చవక ప్లగ్గులో ప్లాస్టిక్ మెత్తబడినా పిన్ను పక్కకు ఒరగదు. గ్రౌండ్ రేకుకీ అల్లికకీ విడివిడిగా సోల్డర్ పూసి, టంకం రాడ్ వెడల్పు బిట్టుతో (మొనతో) కలపండి. సన్నటి బిట్టు వేడి రేకుకి చాలక జాయింటు సరిగా అతకకుండా, గరుకుగా మిగులుతుంది. నడిమి తీగకు 2 సెకన్లు చాలు. అంతకు మించి పట్టుకుంటే పాలిథిన్ కరిగి తీగ అల్లిక వైపు జారుతుంది, షార్ట్ అవుతుంది. క్లాంపు పై తొడుగు మీద బిగించాలి, అల్లిక మీద కాదు.

చివర్లో మల్టీమీటరు పెట్టి, ప్లగ్గు దగ్గర వైరును నాలుగు వైపులా వంచుతూ చూడండి. పిన్నుకీ పిన్నుకీ, గ్రౌండుకీ గ్రౌండుకీ బీప్ ఆగకూడదు, పిన్నుకీ గ్రౌండుకీ మధ్య రాకూడదు. ఆర్‌సీఏలో గ్రౌండ్ కన్నా ముందు పిన్నే తగులుతుంది, కాబట్టి ఆంప్ ఆపేశాకే గుచ్చండి.