కాఫీ తాగి రాకండి

గుండె స్కానింగ్ గదిలో టెక్నీషియన్‌గా నేను ముందు అడిగేది నొప్పి గురించి కాదు, కాఫీ గురించి. "తాగలేదమ్మా, టీ మాత్రమే" అంటారొకరు. టీ కూడా కుదరదు బాబాయిగారూ! చాక్లెట్టూ అంతే.

ఈ స్కాన్‌కు ముందు ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెకు శ్రమ పెడతాం; అలా నడవలేనివారికి అడినోసిన్ అనే మందు ఎక్కిస్తాం. అది గుండె రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నాళంలో ప్రవాహం మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. పూడుకున్న దానిలో అంత పెరగదు. మాకు కావలసింది ఆ తేడాయే. కాఫీ, టీ, చాక్లెట్లలోని కెఫీన్ ఏం చేస్తుందంటే, అడినోసిన్ చేరవలసిన గ్రాహకాలను (కణాల మీద మందు అతుక్కునే చోట్లను) ముందే ఆక్రమిస్తుంది. మందు సరిగా పనిచేయదు, జబ్బున్న గుండె కూడా బొమ్మలో బాగానే కనిపించవచ్చు. తప్పుడు భరోసా కన్నా స్కాన్ వాయిదా పడటమే మేలని నా పట్టుదల. అందుకే కనీసం 12 గంటలు, చాలాచోట్ల 24 గంటలు మానమంటారు.

మందు పనిచేస్తుండగానే టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం ఇంజెక్షన్ ఇస్తాం. బొమ్మలో రక్తం అందిన కండరం వెలుగుతుంది, అందనిది మసకగా ఉంటుంది. టెక్నీషియం రేడియోధార్మికత సగమవడానికి 6 గంటలు. పెట్ స్కాన్ అనే మరో రకం స్కాన్‌కు వాడే నైట్రోజన్-13 అమోనియాకైతే 10 నిమిషాలే. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం దగ్గరలో లేకపోతే ఆ పని జరగదు. కానీ గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో పెట్ స్కాన్ లెక్కకట్టి చెబుతుంది.

డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ) తాగవచ్చా అని అడుగుతున్నారు ఈమధ్య. అందులోనూ కాస్త కెఫీన్ ఉంటుంది. వద్దు.