ట్యాంకు ఖాళీ చేశాను కదా అనుకున్నా

డాలస్‌లో ఉండేవాళ్లం ఎండకి భయపడతాం, వడగళ్లకి భయపడతాం. చలిని పెద్దగా పట్టించుకోం. నేనూ అంతే.

2020లో కరోనా వల్ల ఇండియా ప్రయాణం కుదరక, పిల్లల్ని ఎక్కడికైనా తిప్పుదామని 24 అడుగుల సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ కొన్నాం. ఫోర్డ్ ఈ-450 అనే వ్యాను చట్రం మీద కట్టిన బండి. లోపల వంటగట్టు, మంచాలు, బాత్రూం అన్నీ ఉన్నాయి. ఇంటి ముందు పెడితే హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల సంఘం వాళ్లు, ఒప్పుకోరు. అందుకని ఊరి బయట నెల అద్దెకి ఇచ్చే ఖాళీ స్థలంలో, ఆరుబయట పెట్టాం.

ఎండకని నేను మొదట చేసిన ఘనకార్యం నీలం టార్పాలిన్ పట్టా. మా ఊళ్లో గడ్డివాముకి కట్టినట్టు తాళ్లేసి బిగించాను. టెక్సస్ గాలికి అది మూడు వారాలు టపటపా కొట్టుకుంది. విప్పి చూస్తే అంచు తగిలిన చోటల్లా రంగు గీసుకుపోయింది, పట్టా కింద చెమ్మ. తర్వాత గాలి ఆడే గుడ్డ కవరు కొన్నాను. అదీ వడగళ్లని ఆపదు, ఆ సంగతి వేరే.

చలికాలానికి నేను చేసిందల్లా మంచినీళ్ల ట్యాంకు కింద మర తిప్పి ఖాళీ చేయడం. అక్కడితో పని అయిపోయిందనుకున్నా.

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున కరెంటు పోయింది. మర్నాడు మా ఊరి ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 19 డిగ్రీలు. నలుగురం ఒకే గదిలో ఉన్న రగ్గులన్నీ కప్పుకుని కూచున్నాం. "జనరేటరున్న బండి కొన్నామని అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పారుగా, పదండి, అందులో కూచుందాం" అంది మా ఆవిడ. రోడ్డు మొత్తం అద్దంలా గడ్డకట్టి ఉంది. కారు మా సందు కూడా దాటలేదు.

మార్చిలో వెళ్లి, గొట్టం తగిలించి నీళ్లు వదిలాను. ఓ పది సెకన్లు ఏమీ కాలేదు. తర్వాత బండి పక్క గోడలోంచి చిమ్మింది. అక్కడ కాళ్లు కడుక్కోడానికి చిన్న డబ్బాలో ఒక షవరు ఉంటుంది, దాని కొళాయి నిలువునా చీలింది. లోపలికి పరుగెత్తితే కమోడ్ వెనకాల వాల్వు పగిలి నేలంతా మడుగు. పంపు ముందుండే ఫిల్టర్ కప్పు రెండు ముక్కలు. విచిత్రమేమిటంటే పైపులకి ఏమీ కాలేదు. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. అవి పెక్స్ అనే ఒక రకం ప్లాస్టిక్ పైపులు, కాస్త సాగి తట్టుకున్నాయి, సాగలేని ప్లాస్టిక్ ముక్కలన్నీ పోయాయి. బ్యాటరీ కూడా పొట్ట ఉబ్బి కూచుంది. గ్యాస్ లీకు కనిపెట్టే అలారం ఎప్పుడూ కొంచెం కొంచెం కరెంటు లాగుతూనే ఉంటుందట. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ అంత తేలిగ్గా గడ్డకట్టదు, ఛార్జ్ అడుగంటినది మాత్రం మైనస్ 7 సెల్సియస్ ప్రాంతంలోనే కడుతుంది.

రిపేరు షాపువాళ్లు ఆరు వారాలు ఆగమన్నారు. ఊరంతటిదీ ఇదే గోల కాబట్టి వాళ్లని అనడానికీ లేదు. చివరికి నేనే పానా పట్టుకున్నాను. పక్క బండి పెద్దాయన మిన్నెసోటా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. నా అవస్థ చూసి నవ్వాడు. "నిన్ను ముంచేది ట్యాంకులో నీళ్లు కాదబ్బాయ్, వంపుల్లో మిగిలిన నీళ్లు" అన్నాడు.

ఆ నవంబరులో ఆయన్ని పక్కన నిలబెట్టుకుని మొత్తం పని నేర్చుకున్నాను. ముందు వాటర్ హీటర్. దాన్ని ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, లోపల వేడినీళ్ల కొళాయి తిప్పి ప్రెషర్ పోగొట్టాకే మర విప్పాలి. తొందరపడితే మరుగునీళ్లు ముఖాన కొడతాయి. మరతో పాటు ఆనోడ్ కడ్డీ బయటికి వచ్చింది. హీటరుకి తుప్పు పట్టకుండా తను తినబడడమే దాని ఉద్యోగం. చీకి పారేసిన మునక్కాడలా ఉంది, కొత్తది వేశాను. తర్వాత బైపాస్ వాల్వులు తిప్పి హీటర్ని దారిలోంచి తప్పించాను. లేకపోతే దాన్ని నింపడానికే ఆరు గ్యాలన్ల మందు పోయాలి.

మందు అంటే పైపుల్లో గడ్డకట్టి పగలగొట్టకుండా పోసే గులాబీ రంగు యాంటీఫ్రీజ్, ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసింది. కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, మంచినీళ్ల పైపుల్లోకి అది పోకూడదు. పంపు గొట్టాన్ని గ్యాలన్ డబ్బాలో ముంచి, పంపు ఆన్ చేసి, ఒక్కో కొళాయీ గులాబీ రంగు వచ్చేదాకా తిప్పాలి. వేడిది వేరే, చల్లనిది వేరే. సింకు దగ్గర నిలబడ్డ మా ఆవిడ "ఏవండీ, ఇదేంటి, రోజ్ మిల్కులా ఉంది" అంది. సింకు కింద వంపులో ఓ గ్లాసెడు, షవరు కింద ఓ గ్లాసెడు, కమోడ్‌లో కాస్త పోశాను. మొత్తం మూడు డబ్బాలు సరిపోయాయి.

అంతా అయ్యాక చేతులు తుడుచుకుంటూ గర్వంగా నిలబడ్డాను. పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"బయటి షవరు తిప్పావా?"

తిప్పలేదు. నిలువునా చీలి నా చేత అంత పని చేయించిందే అది. మళ్లీ పంపు ఆన్ చేశాను. ఆ తర్వాతే బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చుకున్నాను.

2022లో క్రిస్మస్ ముందు మళ్లీ నీళ్లు గడ్డకట్టే చలి కొట్టింది. ఆ రెండు రాత్రులూ నాకు బండి ఆలోచనే రాలేదంటే అబద్ధం. మార్చిలో పిల్లల్ని తీసుకుని వెళ్లి, గొట్టం తగిలించి, ఈసారి ముందుగా బయటి షవరు దగ్గరే నిలబడ్డాను. మర తిప్పితే గాలి బుసకొట్టి, గులాబీ నురగ చిమ్మి, మా అమ్మాయి తెల్ల బూట్ల మీద పడింది. అది ఏడుపు లంకించుకుంది. తర్వాత తెల్లటి నీళ్లు వచ్చాయి. గోడ పొడిగానే ఉంది.